పొట్లాలకు పోని పుస్తకం

రాజాంలో మాది కిరాణా కొట్టు. జీలకర్ర, ఆవాలు, పసుపు, మిరియాలు, ఏది అమ్మినా కాగితంలో పొట్లం కట్టి ఇవ్వాలి. అందుకు తెల్లకాగితం కొనే కొట్లు కూడా ఉండేవి. నేను కొననిచ్చేదాన్ని కాదు. మసాలా ఇంటికి చేరేదాకా ఉండే కాగితానికి తెలుపెందుకు? పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. పరీక్షలయ్యాక పిల్లల వాచకాలు, ఇళ్ళు సర్దుకున్నప్పుడు వారపత్రికలు, అట్ట ఊడిందని అద్దె పుస్తకాలవాడు వదిలించుకున్న నవలలు. గోనెసంచితో తెచ్చి బల్ల పక్కన కుమ్మరించేవారు.

పందొమ్మిది వందల అరవైల చివర సంగతి ఇది. అప్పటికే నేను మామ్మని. కొట్టు మా అబ్బాయి చూసుకునేవాడు, అబ్బాయిని నేను చూసుకునేదాన్ని. నేను బడికి పోయింది రెండో తరగతిదాకానే. కూడబలుక్కుని చదవడం వచ్చు. రాయడం తరవాత పట్టుపట్టి నేర్చుకున్నాను. ఈ రాతలో ఎగుడుదిగుళ్ళుంటే అందుకే.

మా అబ్బాయి కూతురు, నా మనవరాలు, అప్పుడు ఆరో తరగతి. అన్నం ముందు పెట్టినా పుస్తకం దించేది కాదు. వచ్చిన గోనెసంచి విప్పకముందే దానిమీద వాలేది. మాంత్రికుల నవలలు, రాకుమారుల నవలలు, సముద్రాలు దాటి దీవులకు పోయే నవలలు దానికి కావాలి. తక్కినవి తాకేది కాదు.

చింపొద్దని గొడవ చేసేది. అన్నీ దాచుకుంటే కొట్టెలా నడుస్తుంది? ఒకరోజు పిలిచి గట్టిగా చెప్పాను. వంటింటి గోడలో ఒక గూడుంది. అందులో నాలుగైదు పుస్తకాలకంటే పట్టవు. అవే దానివి. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీసి కొట్టుకిచ్చెయ్యాలి. ఎందుకు ఉంచుతోందో, ఎందుకు తీస్తోందో నాకు చెప్పాలి. మొదలూ చివరా లేని పుస్తకం గూట్లోకి రాకూడదు, అది ఉత్త కాగితమే. చదవడం పగలే, దీపం ముట్టించేది లేదు. దానికి నచ్చినా నచ్చకపోయినా ఒప్పుకుంది.

ఎండాకాలం ఒంటిపూట బడులప్పుడు పెరట్లో చింతపండు పిక్కలు తీయించేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. పందిరి కింద వాళ్ళూ నేనూ కూర్చుని పిక్క కొట్టి, ఈనెలు లాగి, ముద్దలు చేసేవాళ్ళం. మా మనవరాలు బడి నుంచి వచ్చి, తిని, అక్కడే గుమ్మం మీద కూర్చుని పైకి చదివేది. మొదట్లో, పనివాళ్ళ చేతులు ఆగిపోతాయని వద్దన్నాను. తీరా చూస్తే కబుర్లు ఆగిపోయి పనే ఎక్కువైంది. సరే చదవమన్నాను.

చదివేది గాని ఊరికే చదివేది కాదు. మధ్యలో ఆపి తీర్పు చెప్పేది.

"సూడు మామ్మా, ఈ రాకుమారుడు ఆర్నెల్లు అడవిలో తిరిగినాడట. ఒక్కరోజు అన్నం వండుకోలేదు. ఆకలేయదేటి?"

పనివాళ్ళలో చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక పెద్దామె ఉండేది. ఆవిడ నోటికి ఎదురు లేదు. "రాజుల బిడ్డడే గుంటా, పళ్ళు తినుంటాడు," అంది.

"ఏ పళ్ళు? పేరు సెప్పాలి కదా. మన తోటలో పళ్ళు తిని నువ్వు ఆర్నెల్లుంటావా?"

"నానా? నాను గంజి లేకపోతే పొద్దెక్కేదాకా ఉండను."

"మరి?"

ఇంకో నవలలో మాంత్రికుడు తన ప్రాణం తీసుకుపోయి ఎక్కడో సముద్రాల అవతల చిలకలో దాచాడు. అందరూ భయపడుతూ వింటున్నారు. ఇది పుస్తకం మూసేసింది. "అంత తెలివైనోడు, దాచిన సోటు ఎత్తుకొచ్చిన పిల్లకి ఎందుకు సెప్పినాడు? మా నాన్న గల్లాపెట్టె తాళం ఎక్కడుందో మా అమ్మకే సెప్పడు."

పందిరి కింద నవ్వులే నవ్వులు. మా కోడలు వంటింట్లోంచి, "అది మాత్రం నిజమే," అంది.

కోటలో బంధించిన రాకుమార్తెలంటే దానికి అస్సలు పడేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని ఏడవడం తప్ప పనిలేదు, కట్టుకున్న పట్టుచీర చింపి తాడు పేనుకోవచ్చు కదా అనేది. పట్టుచీర చింపడం నాకిష్టం లేదుగాని మాట బాగుందనుకున్నాను. అన్నిటికీ వంకలే పెట్టేదని కాదు. ఒక గుహ నవల దానికి ప్రాణం. అందులో ఒకడు దివిటీ పట్టుకుని లోపలికి పోతాడు. "నూనె ఎంతుందో ముందే సెప్పినాడు మామ్మా. అందుకే అడుగడుక్కీ నాకు భయమేసింది," అంది. ఆ మాట నా మనసులో పడింది. నూనె ఎంతుందో చూసుకుంటూ బతికినదాన్ని నేను. పదకొండేళ్ళ పిల్లకి అది పుస్తకంలో కనబడింది. పైకి మాత్రం, "సరే, గూట్లో పెట్టు," అన్నాను. పిల్లల్ని ఎదురుగా మెచ్చుకునే అలవాటు నాకు లేదు.

ఆ వేసవిలోనే ఒక సంచిలో లావుపాటి సముద్రం నవల వచ్చింది. అట్ట లేదు. అందులో నాయకుడు రాకుమారుడు కాడు, ఉప్పు బేరం చేసేవాడి కొడుకు. తండ్రి ఎక్కిన పడవ తిరిగి రాకపోతే వెతుక్కుంటూ పోతాడు. ఒక దీవిలో మాంత్రికుడు పడవవాళ్ళందరినీ రాళ్ళు చేసి నిలబెట్టి ఉంటాడు. మా మనవరాలు కళింగపట్నంలో ఒకసారి సముద్రం చూసింది. ఇందులో కెరటం చదువుతుంటే ఒంటికి ఉప్పు అంటుకున్నట్టుంది అంది. ఉప్పు బేరగాడి కొడుకు గనక పడవలో మంచినీళ్ళ కుండలు లెక్క చూసుకుంటాడు. అది దానికి మరీ నచ్చింది. "ఇది గూట్లోకే మామ్మా. చివరిదాకా సదవక్కర్లేదు, ఇప్పుడే సెప్తన్నాను."

"చివర సూడకుండా ఏదీ సెప్పకూడదు," అన్నాను.

మా కొట్టు బల్లకో పద్ధతుంది. కుడి పక్కన పెట్టింది ఇంటిది. ఎడమ పక్కన పెట్టింది చింపేది. పుస్తకాన్ని కొక్కేనికి తగిలించి వెనకనుంచి చింపుకుంటూ వస్తారు, కుట్టు వదులై కాగితం సులువుగా వస్తుందని. ఈ పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసు, దానికీ తెలుసు. అయినా ఆ రోజు బడి గంట వినబడి, పుస్తకం ఎడమ పక్కన పడేసి పరిగెత్తింది. అది తిరిగొచ్చేసరికి మా అబ్బాయి చివరి కాగితాలు ఆవాలకీ జీలకర్రకీ కట్టేశాడు. అవి ఏ ఊళ్ళో ఏ పొయ్యిలోకి పోయాయో ఎవరికి తెలుసు? ఈ సంగతి అది నాకప్పుడు చెప్పలేదు. తండ్రికీ చెప్పలేదు. చింపగా మిగిలిన పుస్తకం కొక్కెం మీంచి తీసుకుని, ఏమీ ఎరగనట్టు పందిరి కిందికి వచ్చి కూర్చుంది.

కథ అప్పటికి బిగువు మీదుంది. మాంత్రికుడి గుహలో దొప్పెడు మంత్రజలం ఉంది. పోస్తే ఒక్క రాయి మాత్రం మనిషవుతుంది. ఆ కుర్రాడు తండ్రిని లేపుకోవాలా, తండ్రిని నమ్ముకుని వచ్చిన పడవవాళ్ళలో ఒకణ్ణి లేపాలా? చింతపండు కొట్టే చేతులు ఆగిపోయాయి. పని చూడమని కసరడం నేనూ మరిచిపోయాను.

మా మనవరాలు చదువుకుంటూ పోయింది. "అప్పుడా కుర్రవాడు చాలాసేపు ఆలోచించాడు. పడవలో మిగిలిన నూకలతో పెద్ద కుండ నిండా అంబలి కాచాడు. దొప్పెడు జలాన్నీ ఆ అంబలిలో కలిపాడు. బాగా తిప్పి, ఒక్కొక్క రాతి నోటికీ ఒక్కొక్క గరిటె పోసుకుంటూ వెళ్ళాడు."

పెద్దామెకి అనుమానం వచ్చింది. "పలచన సేసేస్తే మందు పని సేస్తాదేటి?"

పుస్తకంలోంచి తల ఎత్తకుండానే మా మనవరాలు అంది. "మా మామ్మ మజ్జిగ పని సేయట్లేదేటి?"

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. నేను చింతపండు ముద్ద అక్కడే పెట్టేశాను. మా ఇంట్లో మజ్జిగ సంగతి అందరికీ తెలిసిందే. పనివాళ్ళు ఇద్దరు ఎక్కువొస్తే ఇంకో చెంబు నీళ్ళు, రెండు ఉప్పురాళ్ళు, నాలుగు కరివేపాకు రెబ్బలు. ఎవరికీ లేదనేది లేదు. దానిమీద రోజూ మూతి ముడిచేది ఆ పిల్లే. ఏ ఊరి రచయితకి నా మజ్జిగ సంగతి తెలుసు? పైగా ఇంతసేపు చదువుతూ ఒక్క కాగితమైనా తిప్పలేదు.

"ఇటు తే పుస్తకం," అన్నాను.

తెచ్చింది. చివర్న చింపిన అంచులు, వేలాడుతున్న కుట్టుదారం. అందరికీ కనబడింది.

"ఏటే ఇది?"

"ఎడమ పక్కన పెట్టేసినాను. చివర లేదంటే సింపేస్తావని..."

"అందుకని నువ్వే అల్లేసినావా?"

తలూపింది. కళ్ళనిండా నీళ్ళు, కాని కిందికి రానివ్వలేదు. పెద్దామె అడ్డం వచ్చింది. "పోనీలెండి సావుకారమ్మా, మాకు కత దొరికింది కదా. ఆ రాసినాయన ఏటి రాసుంటాడు? తండ్రిని లేపుకుని ఇంటికెల్లిపోనాడని రాసుంటాడు. మిగతా రాళ్ళ పెళ్ళాలేటైపోవాలి?"

నియమం నేను పెట్టిందే. మొదలూ చివరా లేనిది గూట్లో ఉండకూడదు. దాన్ని ఒక పిల్ల కన్నీళ్ళకి మార్చేస్తే రేపు దేనికైనా మార్చాల్సిందే. ఆ మాటే మనసులో అనుకుంటూండగా మా అబ్బాయి కొట్టులోంచి వచ్చాడు. రేపు సంత. జనం ముసురుతారు. కాగితం అయిపోవచ్చింది.

"అమ్మా, ఆ లావు పుస్తకం ఇలా ఇయ్యి. దాంతో సంత గడిచిపోద్ది."

మా మనవరాలు నావైపే చూస్తోంది. అది బతిమాలలేదు. బతిమాలితే నేను వినని సంగతి దానికి తెలుసు.

"ఒరే, ఆ పుస్తకం ఇంకా అవలేదు," అన్నాను.

"అవకపోవడమేటి? అచ్చయిన పుస్తకం."

"అవలేదన్నాను కదా. నువ్వు కొట్టుకెల్లు."

వాడు వెళ్ళాక దానితో చెప్పాను. నోటితో చెప్పిన చివర చివర కాదు. గాలికి పోతుంది. రాసి పట్టుకురా. అప్పుడది పూర్తి పుస్తకమో కాదో నేను చూస్తాను. రాయడానికి కిందటేటి కేలండరు కాగితాలు బియ్యం డబ్బా వెనక చుట్టిపెట్టి ఉన్నాయి. వెనక వైపంతా తెలుపు. తెల్లవైపు ఉన్న కాగితం నేనెప్పుడూ పొట్లాలకివ్వను. తీసిచ్చాను. "కొట్టివేతలొద్దు. ముందు ఆలోచించుకుని రాయి. మరి సంతకి కాగితం మాటేటి?"

అదీ అర్థం చేసుకుంది. గూటి దగ్గరికి పోయి చాలాసేపు నిలబడింది. చివరికి బొమ్మలున్న రెక్కలగుర్రం నవల తీసింది. గూట్లో అన్నిటికంటే అందమైనది అదే, రంగు అట్ట కూడా ఉంది. "గుర్రం బొమ్మ బాగుంది గానీ, కష్టం వచ్చినప్పుడల్లా గుర్రమే ఎగరేసుకుపోద్ది. ఎక్కినోడు ఏమీ సెయ్యడు," అంది. తనే తీసుకెళ్ళి బల్ల మీద ఎడమ పక్కన పెట్టింది. మొదటి కాగితం తనే చింపి, శంఖంలా చుట్టి, ఎవరికో మెంతులు కట్టి ఇచ్చింది. అది కట్టిన పొట్లం గట్టిగా ఉంది, కొన కూడా సరిగ్గా మడిచింది. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను.

సంత అయిపోయాక ఒక మధ్యాహ్నం, రాసింది తెచ్చింది. గోనెసంచులు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని నేనే కూర్చున్నాను. అచ్చు కాగితాల వెనక దాని కాగితాలు సమంగా పెట్టి, అంచులు కలిపి కుట్టాను. పుస్తకం అక్కడ కొంచెం లావయింది. పందిరి కింద అందరిముందూ తను రాసింది మొదటినుంచి చివరిదాకా చదివింది. ఈసారి కాగితాలు తిప్పుతూ చదివింది. గరిటె గరిటెకీ ఒక్కొక్క పడవవాడు కళ్ళు తెరుస్తుంటే పెద్దామె ముక్కు చీదుకుంది. తండ్రికి ఆఖరి గరిటె. కుండ అడుగున గీకి పోశాడు. మాంత్రికుడు అంతమంది మనుషుల్ని చూసి పారిపోయాడు.

"ఓలమ్మ, ఎంత బాగుందే గుంటా!" అన్నారు. కొత్తగా పెళ్ళయి వచ్చిన ఒకామె, అత్తవారింట్లో చెప్పుకుంటాను, మళ్ళీ ఒకసారి ఆఖరిది చదవమంది.

మా మనవరాలు చదవలేదు. నుదురు ముడిచి పుస్తకం వైపు చూస్తూ కూర్చుంది. మాంత్రికుల ప్రాణాల్నీ రాకుమారుల ఆకళ్ళనీ తేల్చేటప్పుడు దాని మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది.

"అంబలి బాగుంది మామ్మా," అంది. "కాని మాంత్రికుడు అలా పారిపోడు. అంతమందిని రాళ్ళు సేసినోడు, మళ్ళీ సెయ్యొచ్చు కదా. భయపడినాడంటే నాకే నమ్మబుద్ధవటం లేదు. పక్కవాళ్ళ పుస్తకమైతే నేను వంక పెట్టుండేదాన్ని."

ఎవరూ అడగలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఊరుకుంటే సరిపోయేది. తన రాతకి తనే వంక పెట్టుకుంది, పరాయివాళ్ళ రాతకి ఎంత పెట్టేదో అంతే. పెద్ద చదువులు చదివినవాళ్ళని తరవాత నేను చాలామందిని చూశాను. ఆ పని చేసినవాళ్ళు తక్కువ. ఆ మధ్యాహ్నం నా గుండె పొంగినట్టు నా పిల్లల పెళ్ళిళ్ళలో కూడా పొంగలేదు. ఇన్నేళ్ళకి రాస్తున్నాను గనక ఈ మాట చెప్పేస్తున్నాను.

"మళ్ళీ రాస్తాను," అంది. "కాగితం ఉందా?"

లేదు. కిందటేటి కేలండరు మొత్తం ఈ కథకే అయిపోయింది. గోడకి ఈ ఏటిది వేలాడుతోంది. పైనున్న కాగితం ఆ నెలది, ఆ నెల ఇంకా సగం కూడా గడవలేదు. నేను లేచాను. మేకు దగ్గర పట్టుకుని, అడ్డదిడ్డంగా చిరగకుండా మెల్లగా లాగి, చేతికిచ్చాను.

సాయంత్రం మా అబ్బాయి లోపలికి వచ్చి గోడ చూశాడు. "ఇదేటమ్మా, అప్పుడే నెల మారిపోనాదేటి? ఇవాళ తారీకెంత?"

"పంచాంగం ఉంది, సూసుకో," అన్నాను.