బాబాయి కుట్టిన గౌను

వీధి వీధంతా మా దర్జీ తాతయ్యను పీనాసి అంటుంది. "తను తినక, ఒకరికి పెట్టక ఉండేవాడు పీనాసి. నేను పొదుపరిని" అంటాడాయన. మిషను ముందు పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. కుళాయి కారుతోందని ఒకసారి, ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోందని ఇంకోసారి లేచి పరుగెత్తుతాడు. జానెడు దారం దొరికినా చెవికి చుట్టుకుంటాడు. సాయంత్రానికి అక్కడ పిట్ట గూడు కట్టినట్టుంటుంది.

నిన్న పక్కింటి నర్సు తన కూతురి కొత్త గౌను తెచ్చి బల్ల మీద పడేసింది. "రెండు మీటర్ల గుడ్డ ఇచ్చాను బాబాయ్, ఒక్క ముక్కా తిరిగి రాలేదు. పీనాసి అంటే పోనీ అనుకున్నాం, ఇప్పుడు దొంగ అనమంటావా?" తాతయ్య ముఖం మాడిపోయింది. గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, గౌను తిరగేసి అంచు చూపించాడు. మిగిలిన గుడ్డంతా లోపల మూడు మడతలుగా కుట్టి ఉంది. "పిల్ల ఎదుగుతుంది కదమ్మా. ఏడాదికో మడత విప్పుకో." ఆమె సిగ్గుపడి గౌను తీసుకుని వెళ్లింది. "ఇక మూడేళ్లు ఆ ఇంటి నుంచి మనకు గౌను పని రాదు. మీ పీనాసితనం ఊళ్లోవాళ్ల గుడ్డ మీద కూడానా?" అంది నాన్నమ్మ. తాతయ్యకు ఆ సంగతి అప్పుడే తట్టింది. గుమ్మం దాకా పరుగెత్తి, మెట్లు దిగుతున్న నర్సును పిలిచాడు. ఆమె తిరిగి చూసేసరికి కాసేపు నసిగాడు. "మడతకు బ్లేడు పెట్టకమ్మా, గుడ్డ తెగుతుంది. నా దగ్గరికి తీసుకురా, ఊరికే విప్పి పెడతాను."