సైకిలు దారిలో నాలుగు బార్లు

డెల్మర్ ఇక కారు నడపకూడదని ఆ వసంతంలో జడ్జి తేల్చేశాడు. తప్పు తనది కాదని, చర్చి ముందున్న పూలమడే రోడ్డుకు అడ్డం వచ్చిందని డెల్మర్ ఇప్పటికీ వాదిస్తాడు. భార్య ఆర్డిస్ వాదించలేదు. పెట్టె సర్దుకుని, సైకిలు దారి చివరనున్న ఊళ్ళో అక్క ఇంటికి వెళ్ళిపోయింది. "నాలుగు బార్లూ దాటి, ఒక్క చుక్క ముట్టకుండా నా దగ్గరికి రా. అప్పుడే ఇంటికొస్తా," అని చెప్పి మరీ వెళ్ళింది.

అమెరికాలో తాగుడుకు పేరుమోసిన విస్కాన్సిన్‌లో మొగుడికి ఆ షరతు పెట్టడం, ఊపిరి పీల్చకుండా ఊరు దాటి రమ్మనడమే. ఆ దారి ఒకప్పుడు రైలు కట్ట. పట్టాలు పీకేసి, సన్న కంకర పరిచి సైకిళ్ళకు వదిలేశారు. స్టేషన్లు పోయాయి గానీ, స్టేషనుకొకటి చొప్పున ఎదురుగా వెలసిన బార్లు మాత్రం చెక్కుచెదరలేదు. రైలు కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు రైలు పోయినా లేవలేదు మరి.

ఒక శుక్రవారం పొద్దున్నే డెల్మర్ ఆర్డిస్ ఊదారంగు సైకిలెక్కి, ముందు బుట్టలో జున్నుముక్కల పొట్లం పెట్టుకుని బయల్దేరాడు. అరవై దాటిన మనిషి, బొజ్జ హ్యాండిలుకు తగులుతోంది. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

మొదటి బారు ముందు పురుగైనా లేదు. దేవుడున్నాడనుకున్నాడు. రెండో బారు దగ్గర దేవుడు చేతులెత్తేశాడు. వరండాలో పాత నేస్తం స్టాన్లీ, బల్ల మీద బోర్లించిన చిన్న గ్లాసు చూపించాడు. గ్లాసు బోర్లించి పెట్టారంటే ఆ మనిషి పెగ్గు ఎవరో ముందే కొనేశారన్నమాట.

"ఒరేయ్, బ్రాందీ నీకోసం ఏడుస్తోందిరా."

"ఏడవనీ. ఇన్నాళ్ళుగా ఇంట్లో నేను ఏడవట్లా?"

"పెళ్ళాం సైకిలెక్కి పెళ్ళాం దగ్గరికా? నీ బతుకు బస్టాండయిపోయిందిరా."

డెల్మర్ బెల్లు కొట్టి ముందుకు పోయాడు. గొంతు ఎండిపోయింది, అయినా వెనక్కి చూడలేదు.

ఆపైన దారంతా అతనిదే. సొరంగంలో సైకిలు దిగి నడవాలి. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతుంటే హాయిగా బూతుపాట పాడుకుంటూ నడిచాడు. అవతల కట్ట పక్కన నల్ల రాస్ప్‌బెర్రీలు విరగకాశాయి. మూతి, వేళ్ళు, చొక్కా అన్నీ ఊదారంగయ్యేదాకా మెక్కాడు. వంతెన మీద తాబేలు అడ్డొస్తే, అది దాటేదాకా మర్యాదగా నిలబడ్డాడు. బెంచీ మీద కునుకు తీశాడు. బార్ల మధ్య ఇన్ని మైళ్ళున్నాయని అతనికి ఇవాళే తెలిసింది.

మూడో బారు దగ్గర శుక్రవారం శుక్రవారం బార్లో వేసే చేపల వేపుడు వాసనకి కళ్ళు మూసుకుని తొక్కాడు. చెత్తడబ్బాను గుద్దాడు గానీ ఆగలేదు. నాలుగో బారు బయట కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే లోపల ఫోను మోగింది. కిటికీలోంచి బారు యజమాని నార్బ్ గొంతు వినపడింది.

"డెల్మరా? లేదమ్మా ఆర్డిస్, ఇవాళ అసలు లోపలికే రాలేదు. ఒట్టు."

డెల్మర్ ఛాతీ ఉబ్బింది. సాక్షి కూడా దొరికాడు.

పొద్దు వాలుతుండగా వదినగారింటి మెట్లెక్కాడు. ఆర్డిస్ జాలీ తలుపు గడియ తీయలేదు.

"పొద్దుననగా బయల్దేరి ఇప్పుడా రావడం?"

"దారిలో తాబేలు..."

"తాబేలట. నాలుగు బార్లకీ ఫోన్ చేశా. నలుగురూ నువ్వు రాలేదనే అన్నారు."

"చూశావా మరి."

"ముప్ఫై ఏళ్ళుగా నువ్వు వాళ్ళ బల్ల మీద తలపెట్టి పడుకున్నప్పుడల్లా నాకు చెప్పింది ఆ మాటే కదయ్యా."

అతని కోసం ఇన్నేళ్ళు అబద్ధాలాడిన పుణ్యాత్ములు ఇవాళ నిజం చెప్పి కొంప ముంచారు. డెల్మర్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"వాసన చూసుకో," అన్నాడు.

ఆర్డిస్ గడియ తీసి బయటికొచ్చి, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడింది. "ఊదు," అంది.

ఆమె దగ్గరికొస్తే ఊపిరి బిగబట్టి మొహం పక్కకు తిప్పుకోవడం అతనికి ఏళ్ళ నాటి అలవాటు. వాళ్ళు ముద్దు పెట్టుకుని ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఇప్పుడు డెల్మర్ గుండెలనిండా గాలి పీల్చుకుని, భయం లేకుండా ఆమె మొహం మీదకు ఊదాడు.

ఆర్డిస్ వెనక్కి తగ్గలేదు.

"ఇంకోసారి," అంది.