క్రెమటోరియం గేటుకు వంద మీటర్ల దూరంలో

ఆ ఆంక్ష ముసాయిదా రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే మిగతావాళ్ళ మీద నేను నూరే కారాలూ మిరియాలూ చూసి, ఈవిడొక్కతే కడిగిన ముత్యం కాబోలు అనుకుంటారు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో. పనిచేసేది అక్కడికి కారులో అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న కౌన్సిల్‌లో, మన మున్సిపాలిటీ లాంటిదే. కమిటీ మీటింగులకు మినిట్స్ రాయడం నా ఉద్యోగం. అంటే సభ్యులు ఏమన్నారో కాదు, ఏమని ఉంటే పరువుగా ఉండేదో అది రాయడం. లీగల్ వాళ్ళకు తీరిక లేనప్పుడు చిన్న చిన్న ఆంక్షలు కూడా నాచేతే రాయించేవారు. ఈ పార్కులో కుక్కల్ని గొలుసు లేకుండా వదలకూడదు, ఆ సందులో తాగకూడదు, అలాంటివి. నేను రాస్తే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుందని మా మేనేజర్ ఒకసారి మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలును నేను ఇంట్లో ఓ నెలపాటు అందరికీ వినిపించాను.

ఆ కౌన్సిల్ పరిధిలోనే కడప నుంచి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం ఉంది. మాదీ కడపే కాబట్టి రాకపోకలు ఉండేవి. అంకుల్ ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. ఆంటీ ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్లకు సాయంగా ఉండేది. వాళ్ళకు ఒక్కడే కొడుకు. ఇక్కడే పుట్టినవాడు. తెలుగు బాగా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. యూనివర్సిటీలో ఏడాది చదివి, ఇది నావల్ల కాదని వదిలేసి ఆర్మీలో చేరాడు.

ఆ ఏడాది ఉగాది భోజనాల దగ్గర, ఇక్కడి మన తెలుగు సంఘం పెద్దమనిషి ఒకాయన పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని, అందరూ వింటుండగా, అబ్బాయికి చదువు అబ్బలేదా అని అంకుల్‌ను పరామర్శించాడు. అంకుల్ నవ్వి ఊరుకున్నారు. ఆ పెద్దమనిషే తరువాత ఆ అబ్బాయి ఫోటోకు రెండు దేశాల జెండాలూ తగిలించి, మన తెలుగు వీరుడు అని వాట్సాప్‌లో పెట్టాడు. మధ్యలో జరిగిందల్లా అబ్బాయి చనిపోవడమే.

యుద్ధం ఏమీ లేదు. బాగా ఎండగా ఉన్న ఒక రోజు, వీపు మీద బరువు వేసుకుని కొండల్లో నడిచే శిక్షణలో కుప్పకూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వాడితో పాటు నడిచిన ఇద్దరు కుర్రాళ్ళు ఆంటీకి ఫోన్ చేసి ఒక సంగతి చెప్పారు. తనకు ఒంట్లో బాగాలేదని వాడు రెండుసార్లు చెప్పాడట. రెండుసార్లూ నడవమనే అన్నారట. ఎవరన్నారు అని అంకుల్ ఆర్మీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. విచారణ జరుగుతోంది, మీ దుఃఖంలో మేమూ భాగస్వాములం అని ప్రతిదానికీ ఒకే జవాబు వచ్చేది.

పోస్ట్‌మార్టమ్ అదీ అయ్యి శవం చేతికి రావడానికి నెల దాటింది. ఆ నెలలోనే మా కౌన్సిల్‌కు దేశభక్తి పుట్టుకొచ్చింది.

మా కౌన్సిలర్లలో ఒకాయన ఉండేవాడు. కార్పెట్ల షోరూం యజమాని. సైన్యంలో ఒక్క రోజు పనిచేయకపోయినా ఎప్పుడూ ఏదో రెజిమెంటు చారలు పోలిన టై కట్టుకుని తిరిగేవాడు. అంత్యక్రియల వార్త కింద ఫేస్‌బుక్‌లో ఎవడో, మేం బోర్డులతో వస్తాం చూస్కోండి అని ఒక కామెంట్ పెట్టాడు. పోలీసులు ఆరా తీస్తే ఆ మనిషి ఎక్కడో స్కాట్లాండ్‌లో ఉన్నాడు, ఆ కామెంట్ సంగతే మరిచిపోయాడు. కౌన్సిలర్ మాత్రం మరవలేదు. అమెరికాలో సైనికుల శవపేటికల ముందు నిలబడి తిట్టే గుంపులు ఉంటాయట, అక్కడ వాళ్ళను దూరం పెట్టడానికి చట్టాలే చేశారట, ఆ వీడియోలన్నీ చూసి వచ్చి మీటింగులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంత్యక్రియల దగ్గర అల్లరి చేయడం ఈ దేశంలో ఎప్పట్నుంచో నేరమేనని మా లాయర్ నెమ్మదిగా గుర్తుచేసింది. ఆయన ఆవిడ వైపు జాలిగా చూశాడు.

"ఉన్న చట్టం ఎవరికి కనిపిస్తుందండీ?" అన్నాడు.

ఆంక్ష పెట్టాలని అందరూ చేతులెత్తారు. అంత నిజాయితీగా పలికిన మాట ఆ గదిలో నేను మరొకటి వినలేదు. మినిట్స్‌లో మాత్రం రాయలేదు.

ఇలాంటి ఆంక్షకు ముందు ప్రజాభిప్రాయం అడగాలి. అడిగారు. వెబ్‌సైట్‌లో, చెత్తబుట్టలు ఎత్తే రోజుల పట్టికకు కింద, రెండు వారాలు పెట్టారు. ఆ కుటుంబాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళు నాకు తెలుసు, అడిగి రానా అన్నాను మా మేనేజర్‌తో. ఇటువంటి సమయంలో వాళ్ళను ఇబ్బంది పెట్టడం మర్యాద కాదంది. నాకూ లోలోపల హాయిగానే అనిపించింది. ఆ గుమ్మం తొక్కి ఆ మాట అడిగే ధైర్యం నాకు లేదు.

కూర్చుని రాశాను. దహనం జరగబోయే క్రెమటోరియం గేటుకు వంద మీటర్ల లోపల ఏ బోర్డూ, బ్యానరూ, రాతా, నినాదమూ ఉండకూడదు, జెండాలకూ పూలదండలకూ మినహాయింపు, మీరినవారికి జరిమానా. కుటుంబ సభ్యులకు ఇది వర్తించదు అని చివర ఒక వాక్యం కూడా చేర్చాను. మేనేజర్ దాన్ని కొట్టేసింది. సొంత బిడ్డ అంత్యక్రియల్లో ఎవరైనా నిరసన చేస్తారా, అనవసరంగా బరువు అంది. నిజమే కదా అనుకున్నాను. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన, మంచి పని చేశావన్నాడు. నేనూ అవునన్నాను.

అంత్యక్రియలకు రెండు రోజుల ముందు వాళ్ళింటికి వెళ్ళాను. అంకుల్ హాల్లో నేల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా పెద్ద తెల్లటి అట్ట. స్కేలు పెట్టి గీతలు గీసి, ఒక్కో అక్షరమూ నల్ల మార్కర్‌తో దిద్దుతున్నారు. ఒంట్లో బాగాలేదని వాడు మీకు రెండుసార్లు చెప్పాడు, ఇంకా నడవమన్నది ఎవరు అని ఇంగ్లీషులో రాశారు. అంతే. ఒక తిట్టు లేదు.

"ఇది పట్టుకోని గేటు కాడ నిలబడతా మ్మా. నేనేం అరిసేది ల్యా. ఆ ఆర్మీ ఆఫీసర్లు లోపలికి పోయేటప్పుడు ఒకసారి సదువుకుంటే సాలు" అన్నారు.

ఆంక్ష సంగతి చెప్పక తప్పలేదు. ఆయన మార్కర్‌కు మూత పెట్టారు.

"ఎవురు రాసినారు మ్మా అట్లాంటిది?"

"కౌన్సిల్ వాళ్ళు అంకుల్" అన్నాను.

అబద్ధం కాదు. కానీ అంతకంటే నీచమైన నిజం నేను జీవితంలో ఇంకెప్పుడూ పలకలేదు. వంటింట్లో ఆంటీ గిన్నెలు సర్దుతోంది. అన్నీ వినిపిస్తున్నా బయటికి రాలేదు. ఆ సాయంత్రమే అంకుల్ అనుమతి కోరుతూ కౌన్సిల్‌కు ఈమెయిల్ పెట్టారు. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాం, ఈ ఆంక్ష మీ రక్షణ కోసమే ఏర్పాటైంది కాబట్టి సడలించలేము అని మర్నాడు జవాబు వచ్చింది.

అంత్యక్రియల రోజు పొద్దున నేను సెలవు పెట్టి వెళ్ళాను. పసుపు కోట్లు వేసుకున్న కౌన్సిల్ వార్డెన్లు ఇద్దరు, చక్రం ఉన్న కొలబద్దతో గేటు నుంచి వంద మీటర్లు కొలిచి, కార్ వాష్ ముందు పేవ్‌మెంట్ మీద సుద్దతో గీత గీశారు. గీతకు బయట నిరసనకారులన్న వాళ్ళు ఒక్కరూ లేరు. గీతకు లోపల మాత్రం సందడే సందడి. ఎవరూ పిలవకుండా పాతిక మంది మోటార్ సైకిళ్ళ మీద జెండాలతో వచ్చి, గౌరవసూచకంగా ఇంజన్లు మోగించారు. జెండాలకు మినహాయింపు ఉంది కదా, నేనే ఇచ్చాను. టై కౌన్సిలర్ గేటు పక్కన నిలబడి విలేకరితో మాట్లాడుతున్నాడు. సంఘం పెద్దమనిషి శాలువా కప్పుకుని వచ్చి ఫోన్లో లైవ్ పెట్టాడు. దుఃఖించేవారి ప్రశాంతతకు ఇంతమంది కాపలా.

అంకుల్ అట్ట పట్టుకుని గేటు దగ్గరికి నడిచి వచ్చారు. ఒక వార్డెన్ అడ్డం వచ్చాడు. నేను తండ్రినయ్యా అన్నారు ఇంగ్లీషులో. ఆ మనిషి చెడ్డవాడేం కాదు, ముఖం కందగడ్డలా అయిపోయింది. అట్ట అవతల పెట్టి వస్తే మీరు కుటుంబ సభ్యులు సార్, దయచేసి లోపలికి రండి, అట్టతో అయితే మాత్రం నేను జరిమానాకు రాసుకోవాల్సి వస్తుందన్నాడు. అంకుల్ అట్ట దించలేదు. అతను రాసుకున్నాడు. పేరు, అడ్రస్, ఉల్లంఘన స్వభావం. తల వంచుకుని, తప్పుల్లేకుండా నింపాడు. ఫారం కూడా నేను తయారుచేసిందే. చాలా సులువైన ఫారం.

అంకుల్ వెనక్కి తిరిగి కార్ వాష్ దాకా నడిచి, గీత అవతల నిలబడ్డారు. నేనూ వెంట వెళ్ళాను. అట్ట రెండో కొస పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. సోమవారం ఆఫీసుకు పోవాలి కదా.

కాసేపటికి శవపేటిక ఉన్న కారు మలుపు తిరిగి వచ్చింది. దాని వెనక కారులో ఆంటీ, లండన్ ఈస్ట్ హామ్ నుంచి వచ్చిన పురోహితుడు. ఆ వెనక ఆర్మీ వాళ్ళ కార్లు. అంకుల్ పక్కకు రాగానే ఆంటీ కారు ఆగింది. ముందు కారు కూడా ఆగింది. ఆంటీ తలుపు తీసుకుని దిగింది. చీర మీద నల్ల కోటు వేసుకుంది. నేరుగా వచ్చి అట్ట రెండో కొస పట్టుకుని ఆయన పక్కన నిలబడింది.

వెనక కార్లన్నీ ఆగిపోయాయి. ఆర్మీ వాళ్ళకు చదవడం తప్ప వేరే దారి లేకపోయింది. ఒక కుర్ర ఆఫీసరు తన ఒళ్ళో చేతి తొడుగుల వంక చూస్తూ కూర్చున్నాడు. వయసు మళ్ళిన ఒకాయన కారు దిగి, అట్టకు ఎదురుగా నిలబడి, చివరిదాకా చదివి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. కార్ వాష్ కుర్రాళ్ళు ఎవరూ చెప్పకుండానే నీళ్ళు కట్టేశారు. ఆ రోజు అక్కడ మర్యాదగా ప్రవర్తించింది వాళ్ళే.

కౌన్సిలర్ గేటు నుంచి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. మేడమ్, ఈ ఏర్పాటంతా మీ కోసమే అన్నాడు.

"మీరు నన్ను అడగలేదు" అంది ఆంటీ, స్కూల్లో పిల్లలకు చెప్పే గొంతుతో, ఇంగ్లీషులో.

ఆయన టై సర్దుకున్నాడు. ఆంటీ ఇంకో రెండు నిమిషాలు అలాగే నిలబడింది. తరువాత ఇద్దరూ అట్టను కార్ వాష్ గోడకు ఆనించి, అదే కారులో ఎక్కి, కొడుకు వెనక లోపలికి వెళ్ళారు. కార్యక్రమం జరగవలసినట్టు జరిగింది. బ్యూగుల్ ఊదారు, మంత్రాలు చదివారు. అంకుల్ ఏడవలేదు, ఆంటీ ఏడ్చింది.

లోకల్ పేపర్‌లో కౌన్సిలర్ ఫోటో వచ్చింది. అంతా హుందాగా జరిగిందన్నాడు. ఒకే వారంలో కౌన్సిల్ నుంచి ఆ ఇంటికి రెండు ఉత్తరాలు చేరాయి, ఒకటి సంతాపం, ఒకటి జరిమానా. జరిమానాను తరువాత రద్దు చేశారు. ప్రజా ప్రయోజనాల దృష్ట్యా అన్నారు, క్షమాపణ అన్న మాట రాకుండా జాగ్రత్తపడ్డారు. తరువాతి మీటింగులో ఆంక్ష దిగ్విజయమైందని నివేదిక వచ్చింది. ఒక్క నిరసన కూడా నమోదు కాలేదట. శిక్ష పడింది తండ్రి ఒక్కడికేనని నేను లేచి చెప్పాను. మినిట్స్ రాసే మనిషి మాట్లాడకూడదన్నాడు చైర్మన్. మాట్లాడకుండా మినిట్స్‌లో రాశాను. ఆ పై మీటింగులో, రాసిన తీరు సరిగా లేదని ఆ వాక్యం తీసేశారు. ఆపైన కొద్ది రోజులకే నన్ను లైబ్రరీ విభాగానికి మార్చారు. వెళ్ళే ముందు, ముసాయిదా నాదేనని అంకుల్‌కు చెప్పాను. తెలుసు మ్మా అన్నారు. ఎలా తెలుసో అడిగే మొహం నాకు లేకపోయింది.

ఏడాది పైన గడిచాక, ఇలాంటి చావులకు కారణం తేల్చే అధికారి కొరోనర్ ముందు విచారణ జరిగింది. వాళ్ళిద్దరితో పాటు నేనూ వెళ్ళాను. ఆ రోజు శిక్షణ నడిపిన సార్జెంట్, అవును, రెండుసార్లు చెప్పాడు, నేనే నడవమన్నాను అని ఒప్పుకున్నాడు. పాఠాలు నేర్చుకున్నాం అన్నాడు వాళ్ళ పై ఆఫీసరు, నేర్చుకోవడానికి ఆ మాత్రం ఖర్చు తప్పదన్నట్టు. ఆపాల్సింది, ఆపలేదు అని కొరోనర్ రాశాడు. బయట కార్ పార్కులో అంకుల్ చాలాసేపు తాళాలు వెతుక్కున్నారు.

"ఎవురో తెలిసింది కదా మ్మా. ఇంగ సాలు" అన్నారు చివరికి.

"నాకు చాలదు" అంది ఆంటీ. ఆయన చేతిలోంచి తాళాలు తీసుకుని, తనే డ్రైవర్ సీట్లో కూర్చుంది.