రత్నరాజు తినని నెత్తళ్ళు

నేపర్‌విల్ తెలుగు చర్చిలో రత్నరాజు ఇటలీ యాత్ర కథ వినని మనిషి లేడు. మొదటిసారి చెప్పినప్పుడు, ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును మట్టిలోంచి తవ్వి తీసిన కుక్క మామూలు కుక్కే. రెండో ఏడాదికి దానికి పాస్‌పోర్టు వచ్చింది. మూడో ఏడాది అది గుమ్మడికాయంత ట్రఫుల్ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఆ కొండల మీద ద్రాక్షతోటలు ఎంత ఏటవాలుగా ఉంటాయంటే, అక్కడి కోళ్ళకు ఒక కాలు పొట్టిదట.

"మరి గుడ్లు దొర్లిపోవా అంకుల్?" అని ఎవరైనా అడిగితే, "అందుకే దొరికినవి దొరికినట్టు నూడుల్స్ పిండిలో కలిపేస్తారు" అనేవాడు.

ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆయన భార్య కరుణమ్మ పక్కనే కూర్చుని పప్పన్నం కలుపుకునేది. ఔననేది కాదు, కాదనేది కాదు. అసలు సంగతి ఆమెకు తెలుసు. ఆ వారం రోజుల్లో వాళ్ళిద్దరూ ఇటలీ తిండి ఒక్క ముద్ద కూడా తినలేదు.

అది 2019 అక్టోబరు. రత్నరాజు ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు రక్తపరీక్షలు చేసి అప్పుడే రిటైరయ్యాడు. శాన్ రామన్‌లో ఉండే కూతురు పర్సిస్, అమ్మానాన్నల పెళ్ళిరోజుకని ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్లో టూర్ బుక్ చేసింది. రత్నరాజు సూట్‌కేసులో స్వెట్టర్ల మధ్య చిన్న రైస్ కుక్కర్, సోనామసూరి బియ్యం, ఆవకాయ, కందిపొడి సర్దాడు. ఆయన చర్చిలో ఎల్డర్. ప్రభువు బల్ల ఆదివారాల్లో చిన్న చిన్న కప్పుల్లోకి పులియని ద్రాక్షరసం వంచేది ఆయనే. పులిసిన ద్రాక్షరసం ఉన్న ఊళ్ళో ఏం తినాలన్నా ఆయనకు అనుమానమే.

మూడో రోజు గైడ్ వాళ్ళను ఒక కొండమీది రైతు ఇంటికి తీసుకెళ్ళింది. జుట్టు నెరిసిన ఇంటావిడ బల్ల మీద వేడి నూనె సాస్ ఉన్న మట్టిమూకుడు పెట్టి, చల్లారకుండా కింద దీపం వెలిగించింది. చుట్టూ అద్దుకోవడానికి క్యారెట్లు, క్యాప్సికమ్ ముక్కలు. గుమ్మంలోనే కరుణమ్మ ఆగిపోయింది.

"ఏవండీ, నెత్తళ్ళు."

"ఇటలీలో నెత్తళ్ళ చేపలేంటే?"

"మా అమ్మ ఎండు నెత్తళ్ళు వెల్లుల్లేసి వేయించిన వాసనే. నర్సాపురం వదిలాక మళ్ళీ ఇక్కడ తగిలింది. ఒక్క ముక్క అద్దుకుంటాను."

"పక్కన సీసా చూశావా? వీళ్ళు వైన్ వెయ్యనివి మంచినీళ్ళే. అవి కూడా గ్యారంటీ లేదు."

"అడగండి. గైడ్ ఉందిగా."

"ఏం అడుగుతాం? ఎవడో ఫోటో తీసి పెడతాడు. చర్చి గ్రూపులో ఎల్డర్ భార్య, ముందు వైన్ గ్లాసు. బాగుంటుందా?"

ఆమె చెయ్యి అప్పటికే క్యారెట్ ముక్క మీద ఉంది. రత్నరాజు ఆ మణికట్టు పట్టుకున్నాడు. "రూమ్‌లో పెరుగన్నం ఉంది కదా."

ఇంటావిడ ఆ చేతిని చూసి, చూపు తిప్పుకుంది. కరుణమ్మ ముక్క పెట్టేసింది. ఇద్దరూ బయటికొచ్చి గోడ మీద కూర్చున్నారు. కింద లోయంతా పొగమంచు. దానిలోకి ద్రాక్షవరసలు పసుపూ ఎరుపూ కలిసి మెట్లు మెట్లుగా దిగిపోతున్నాయి.

"మళ్ళీ వచ్చినప్పుడు తింటాలెండి" అంది కరుణమ్మ.

"అలాగే" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడో ఇప్పటికీ ఆయనకు అర్థం కాదు.

మరుసటి ఏడాది చలికాలం ఇద్దరికీ కరోనా వచ్చింది. ఆయనకు రెండు రోజుల జ్వరంతో పోయింది. ఆమెకు వాసన పోయింది. మేడ మీదుండి కింద పప్పు అడుగంటబోతోందని చెప్పిన ముక్కు అది. ఆరు నెలల్లో వస్తుందన్నారు డాక్టర్లు. రాలేదు. ఉప్పు, పులుపు, కారం తెలుస్తాయి. తక్కినదంతా తడి అట్ట నమిలినట్టుందని ఒకసారి చెప్పింది, మళ్ళీ చెప్పలేదు.

ఆయన కథలు పెరగడం మొదలైంది అప్పటినుంచే. తిన్నామని పదిమందికి చెబితే, ఎక్కడో కొంచెమైనా తిన్నట్టవుతుందనుకున్నాడేమో.

ఈ ఏడాది చర్చి సెక్రటరీ జూడ్ ఫోన్ చేశాడు. "ప్రైజ్ ద లార్డ్ అంకుల్. నెక్స్ట్ సండే ఫెలోషిప్ లంచ్‌కి ఒక్కో ఫ్యామిలీ ఒక్కో కంట్రీ డిష్. మీకు ఇటలీ."

"పిజ్జా తెస్తాలే."

"పిజ్జా మా పిల్లలు ఆర్డర్ చేస్తారు. మీరు ఆ కొండల వంట చెయ్యండి. ఎన్నేళ్ళు ఊరిస్తారు?"

శనివారం రత్నరాజు ఫోన్‌లో నాలుగు చోట్ల ఆ మూకుడు వంట విధానం చదివాడు. వెల్లుల్లి, డబ్బా నెత్తళ్ళు, ఆలివ్ నూనె, కాస్త వెన్న. అంతే. మళ్ళీ చదివాడు. కరుణమ్మ స్టూలు మీద కూర్చుని, మంట తగ్గించమంటూ చేయిస్తోంది.

"వైన్ వేస్తారటా?" అంది.

"వెయ్యరు."

ఆమె తలూపింది. ఒక మాట అంటే బాగుండేదనిపించింది ఆయనకు. నెత్తళ్ళు నూనెలో కరిగి వంటిల్లంతా వాసన నిండింది.

"వాసన ఎలా ఉందో చెప్పండి."

రత్నరాజు గరిటె తిప్పుతూనే ఉన్నాడు. "బానే ఉంది."

"కుక్కకు పాస్‌పోర్టు ఇప్పించారు. దీనికి బానే ఉంది, అంతేనా?"

ఆయన మంట ఇంకాస్త తగ్గించాడు.

ఆదివారం బల్ల చుట్టూ జనం మూగారు. జూడ్ ఒక ముక్క అద్దుకుని కళ్ళు మూశాడు. "సూపర్ అంకుల్. అక్కడ తిన్నట్టే ఉందా?"

"తెలీదు జూడ్" అన్నాడు రత్నరాజు. "అక్కడ మేం తినలేదు. మీ ఆంటీ తింటానంది. ఎవరైనా చూస్తారని నేనే చెయ్యి పట్టుకుని ఆపేశాను. వారమంతా రైస్ కుక్కర్‌లో అన్నం, ఆవకాయ."

ముందు జూడ్ నవ్వాడు.

"ఆంటీ, ఈ వెర్షన్ కొత్తది. రైస్ కుక్కర్ టచ్ అదిరింది."

బల్లంతా నవ్వింది. "నిజంరా బాబూ" అన్నాడు ఆయన. ఇంకా నవ్వారు. ఆ కోళ్ళ కాళ్ళ సంగతీ చెప్పమని వెనకనుంచి ఎవరో అరిచారు.

కరుణమ్మ ఒక్కతే నవ్వలేదు. క్యారెట్ ముక్క తీసి మూకుడు అడుగుదాకా ముంచి నోట్లో పెట్టుకుంది. లోపల ఎక్కడో ఏదో వెతుకుతున్నట్టు నెమ్మదిగా నమిలింది. రత్నరాజు ఆమె మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఉప్పు సరిపోయింది" అంది.

ఆయన మూకుడు ఆమె వైపుకు జరిపాడు.