హోదాలు మింగిన బ్యాటరీ

డెబ్బై తొమ్మిదిలో నన్ను కాట్రేనికోన వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. రాస్తున్నావా అమ్మడూ? హెల్త్ విజిటరంటే నర్సమ్మలకి పైన, డాక్టరుగారికి కింద. చీవాట్లు మాత్రం రెండు వైపుల నుంచీ. మీ నాన్న కొనబోయే కరెంటు కారు ఎంత దూరం వెళ్తుంది, ఎంతసేపట్లో ఛార్జింగు ఎక్కుతుంది అని నిన్నంతా వాదించుకున్నారే, ఆ తగువు నేనప్పుడే చూశాను.

మాకో జీపు, దానికో మైకు, మైకుకి వేరే బ్యాటరీ. టీకాల కబురు ఊరూరా చెప్పేది దాంతోనే. అమలాపురంలో ఛార్జింగు కొట్టు సత్యంగారు రెండు రోజులు నిదానంగా ఎక్కించి ఇస్తే ఐదూళ్లకి సరిపోయేది.

ఆ నెల సముద్రం పక్క పల్లెలో ఒక పిల్ల కంఠసర్పితో, అదే డిఫ్తీరియాతో, పోయింది. మిగతా పిల్లలకి వెంటనే టీకాలు వెయ్యాలి. మా ఐదూళ్లలో అదే చివరిది. అంతలో టీకాలు చూడ్డానికి రావాల్సిన జిల్లా అధికారిగారు తన పర్యటన రెండు రోజులు ముందుకి జరిపారు. ఛార్జింగు రెండు గంటల్లో చేయించమన్నారు డాక్టరుగారు.

సత్యంగారు నవ్వారు. "ఆయ్, ఎక్కించేస్తానండి. ఎంత తొందరగా ఎక్కుద్దో అంత తొందరగానూ దిగిపోద్దండి. తర్వాత నన్ననకండి మరి."

ఆ మాట డాక్టరుగారికి చెప్పాను. ఆయన పైకి చెప్పలేదు. పైవాళ్లకి కాదని చెప్పే అలవాటు ఆయనకి లేదు.

మా ప్రకటనకి ఒక వరస ఉండేది. ముందు జిల్లా అధికారిగారి పేరు, చదువు, హోదా. తర్వాత సమితి అధ్యక్షులు, సర్పంచిగారు, డాక్టరుగారు. టీకాలు ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆఖర్న. మూడో ఊళ్లో మైకు గొంతు సన్నబడింది. నాలుగో ఊళ్లో బొంగురుపోయింది. చివరి పల్లెలో "గౌరవనీయులైన జిల్లా" దగ్గర ఆగిపోయింది. ముందు సీట్లో ఉన్న అధికారిగారు మళ్లీ మొదట్నుంచి చదవమన్నారు. మైకు కీచుమని ఊరుకుంది.

మైకుని జీపు బ్యాటరీకి కలపమంటే డ్రైవరు ఒప్పుకోలేదు. "తర్వాత బండి మీరు తోస్తారా అమ్మగారూ?"

పల్లెలో ఒక్కరూ కదల్లేదు. టీకాల పెట్టెలో ఐసు సాయంత్రానికి కరిగిపోతుంది. కరిగితే మందు పారబొయ్యాల్సిందే.

చేపలమ్మి వస్తున్న ఆ పల్లె నూకాలమ్మ ఆగింది. "ఏంటమ్మా, మీ బండి ఎక్కిళ్లు పెడతంది?"

సంగతి చెప్పాను. బుట్ట దింపి, నోటి చుట్టూ చేతులు దొప్పలా పెట్టి కేకేసింది. "పిల్లలకి సూదిమందంటర్రోయ్! గొంతురోగం రాదంట! రేవుకాడికి తీసుకురండర్రోయ్!"

అరగంటలో రేవు దగ్గర వరస కట్టారు. ఐసు ఇంకా మిగిలుండగానే ఆఖరి పిల్లాడికి కూడా వేసేశాం. ఆవిడ కేకలో తన పేరు రాలేదేమని అధికారిగారు నన్నడిగారు. మైకు ప్రచారం వల్ల కార్యక్రమం దిగ్విజయమైందని నివేదికలో రాశారు.

నిదానంగా ఎక్కిన బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుంది, నిజమే. ఎక్కినదాన్ని దేనికి ఖర్చుపెడుతున్నామో కూడా చూసుకోవాలి. మరుసటి నెల నుంచి టీకాల చోటు, వేళ ముందు చదివించి, పేర్లు ఆఖర్న పెట్టాను. దానికి నాకు మెమో వచ్చింది. పేజీ నిండా పైవాళ్ల పేర్లూ హోదాలే. నేను చేసిన తప్పేమిటో చివరి లైన్లో ఉంది.