మెలిదా బొటనవేలికి నష్టపరిహారం

మా తంబోరిల్ ఊళ్లో చుట్టలు చుట్టేవాళ్లకు కొదవ లేదు. కానీ కథ విని వెక్కివెక్కి ఏడుస్తూ కూడా చుట్ట వంకర పోకుండా చుట్టేది మా మెలిదా ఒక్కతే. ముప్పై ఏళ్లుగా నా పక్క బల్ల ఆమెదే. నోటికి అడ్డూ ఆపూ లేదు, చెయ్యి మాత్రం బంగారం.

మా చుట్టల ఫ్యాక్టరీ హాల్లో ఒక మూల ఎత్తు కుర్చీ మీద ముసలి లియోవిహిల్దో కూర్చుంటాడు. మేం పని చేస్తుంటే మాకు చదివి వినిపించడమే ఆయన ఉద్యోగం. పొద్దున పత్రిక, మధ్యాహ్నం నవల. ఏ నవల చదవాలో మేమే చేతులెత్తి తేలుస్తాం. నచ్చిన ఘట్టం వస్తే ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొడతాం. ఆడ గొంతులు, మగ గొంతులు, గుర్రాల సకిలింపులు అన్నీ ఆయనే చేస్తాడు.

ఆ ఏడు ఒక ఓడ కెప్టెను కథ నడుస్తోంది. సముద్రంలో పోయాడనుకున్న మొగుడు, పెళ్లాం రెండో పెళ్లి చేసుకుంటూ ఉండగా చర్చి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే కత్తి జారి మెలిదా ఎడమ బొటనవేలు తెగింది.

నరం తెగిందని, ఆపరేషన్ చెయ్యాలని, మూడు నెలలు ఆకు ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. పనిలో జరిగిన ప్రమాదమని బీమా ఆఫీసు ఒప్పుకుంటే ఖర్చూ జీతమూ వాళ్లే ఇస్తారు. ఆమె పరాకు వల్ల జరిగిందని రాస్తే చిల్లిగవ్వ రాదు. మెలిదాకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ వేలే ఆమె ఇల్లు నడిపేది.

మేస్త్రీ ఒక్తావియో మంచివాడే గానీ ఉత్త పిరికివాడు. మమ్మల్నందరినీ పిలిచి గొంతు తగ్గించాడు.

"నవల సంగతి ఎవరూ ఎత్తకండి. వింటూ కోసుకుందని తెలిస్తే పరాకు అని రాసి పారేస్తారు. పైవాళ్లు పెద్దాయన కుర్చీ కూడా పీకించేస్తారు. ఆ రోజు ఆయనకి గొంతు నొప్పి, చదవలేదు. సరేనా? విచారణ అయ్యేదాకా ఆ పుస్తకం తెరవొద్దు."

మెలిదా కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ నవ్వింది. "అబద్ధం చెప్పడం నాకొచ్చు నాయనా. వీళ్లకే రాదు."

రెండు వారాలకు బీమా ఆఫీసు నుంచి ఉబాల్దో అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, చెమటలు కక్కుకుంటూ ఉన్నాడు. ఆ రోజు చదివారా అని అడిగితే లేదు, గొంతు నొప్పి అని అందరం ఒక్క గొంతుతో చెప్పాం. అంతవరకు బాగానే ఉంది.

"ప్రమాదం ఎన్ని గంటలకు జరిగింది?" అన్నాడు.

మా హాల్లో గడియారం చూసేదెవరు? వెనక బల్ల నెరెయ్దా ఠక్కున అందుకుంది. "కెప్టెను రాకముందే సారూ. ఇంకా ఉంగరాలు మార్చుకోలేదు."

"నీ మొహం. తలుపు తోశాకే కదే," అన్నాను నేను, ఆగలేక.

"ఇద్దరికీ తెలీదు. ఫాదర్ చేతిలో బైబిలు కింద పడ్డాక," అని మూడో గొంతు.

"ఏ కెప్టెను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒక్తావియో మొహంలో నెత్తురు చుక్క లేదు. మెలిదా మాత్రం లేచి నిలబడింది.

"చదివారు సారూ. రోజూ చదువుతారు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. చెవులు వింటుంటాయి, చేతులు చుట్టుకుంటూ పోతాయి. ఆ రోజు ఆకు మరీ తడిగా ఉంది, కత్తి జారింది. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు."

"అంత రసవత్తరమైన చోట మనసు పక్కకు పోదంటారా? నేను కళ్లారా చూడాలి," అన్నాడతను. మమ్మల్ని పని మొదలెట్టమని, లియోవిహిల్దోను ఆగిన చోటు నుంచి చదవమని చెప్పి, పెన్ను తీసి మా చేతుల మధ్య నిలబడ్డాడు.

లియోవిహిల్దో రెండు వారాల దాహం తీర్చుకున్నాడు. పెళ్లికూతురు మూర్ఛపోయింది. పెళ్లికొడుకు కత్తి దూశాడు. నా కళ్లు నిండిపోయాయి, అయినా చేతిలో ఆకు చుట్టుకుంటూనే ఉంది. "నేనా, అతనా?" అని కెప్టెను పెళ్లాన్ని అడిగాడు. అక్కడ లియోవిహిల్దో పేజీ తిప్పబోయాడు.

"సారూ," అంది మెలిదా. "మా చేతులు చూడ్డానికొచ్చి ఎంతసేపట్నుంచి పెద్దాయన నోరు చూస్తున్నారు?"

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. అతని కాగితం మీద ఒక్క అక్షరం లేదు. మా బల్లల మీద మాత్రం చుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. కత్తుల మోతకు కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. పాపం, తనూ నవ్వేశాడు. వినడం వల్ల చేతులు ఆగవని స్వయంగా చూశానని, ఇది పనిలో జరిగిన ప్రమాదమేనని రాసి, పైకి చదివి వినిపించాడు. వేలు తెగినప్పుడు కూడా ఏడవని మెలిదా అప్పుడు ఏడ్చింది.

"ఒక్కటి మాత్రం," అన్నాడతను. "చెయ్యి బాగయ్యేదాకా మీరిక్కడ అడుగు పెట్టకూడదు. పెడితే పనికొచ్చారనుకుని డబ్బు ఆపేస్తారు."

మెలిదా మొహం వాడిపోయింది. "మరి కెప్టెను?"

"రోజూ సాయంత్రం మేమొచ్చి చెబుతాం లే అక్కా," అంది నెరెయ్దా.

"మీరా? ఒక్క అబద్ధమే సరిగ్గా చెప్పలేకపోయారు, కథేం చెబుతారే."

లియోవిహిల్దో కళ్లజోడు తీసి, పుస్తకం మూసి, మెలిదా తిరిగొచ్చేదాకా దీన్ని ఇలాగే ఉంచుదామా అని మమ్మల్ని అడిగాడు. కెప్టెనుకు పెళ్లాం ఏం జవాబిచ్చిందో తెలుసుకోకపోతే నెరెయ్దాకు నిద్ర పట్టదు. నాకూ అంతే. అయినా ఎత్తని చెయ్యి లేదు. మా హాల్లో ఓటు లేని ఇన్‌స్పెక్టరు కూడా పెన్నుతో సహా చెయ్యెత్తాడు.

మూడు నెలలు మధ్యాహ్నాలు కూడా బేస్‌బాల్ వార్తలే విన్నాం. కెప్టెను చర్చిలో అలాగే నిలబడి మెలిదా కోసం ఎదురుచూశాడు.