రంగుల ఉల్లంకిని చూసిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ ఆఫీసుకి వెళ్లేది, నాన్న ఇంట్లో ఉండి మమ్మల్ని చూసుకునేవారు. అప్పట్లో అమీర్‌పేటలోని మా వీధికి అదొక వింత. అమ్మ మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకుంది. తమ్ముడు పుట్టాక ఎవరో ఒకరు ఇంట్లో ఉండక తప్పలేదు. నాన్న తన గుమాస్తా పని మానేశారు. మాది కోస్తా వైపు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు "ఏంటి బావా, ఇంకా ఖాళీయేనా?" అని నవ్వేవారు. నాన్నా నవ్వేవారు. వాళ్లు వెళ్లాక మాత్రం, తోమిన గిన్నెలే మళ్లీ తోమేవారు.

మా కింది వాటాలో ఒక తాతయ్య ఉండేవారు. ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసులో చేసి రిటైరయ్యారు. పిట్టలంటే ప్రాణం. వానాకాలంలో ఒక శనివారం పైకొచ్చి నాన్నతో, "రేపు పొద్దుగాల జర నాతోని రా. చెరువు కాడ రంగుల ఉల్లంకి పిట్ట కనవడ్డదట. మస్తు అరుదు," అన్నారు. తమ్ముణ్ణి తను చూసుకుంటానంది అమ్మ. నేనూ వెంటపడ్డాను.

ముగ్గురం ఆయన స్కూటర్ మీద ఇంకా నిద్రలేవని పంజాగుట్ట దాటి, ఊరి బయట చెరువు వెనక ఉన్న చిత్తడికి చేరాం. చెప్పులు బురదలో కూరుకుపోతే చేత్తో పట్టుకుని నడిచాను. తుంగ వెనక కూర్చుని ఎంతసేపు చూసినా కొంగలు తప్ప ఏమీ లేవు. నాన్నకి విసుగొచ్చి లేవబోతుంటే తాతయ్య ఆయన భుజం నొక్కారు.

తుంగలోంచి ఒక పిట్ట బయటికొచ్చింది. పొడుగు ముక్కు, దాల్చినచెక్క రంగు మెడ, కంటి చుట్టూ సున్నంతో దిద్దినట్టు తెల్లటి గీత. కాస్త అవతల, మట్టిలో కలిసిపోయే రంగులో ఇంకొకటి నిలబడి ఉంది.

"రెండిట్ల మగది ఏదో చెప్పు," అన్నారు తాతయ్య.

"ఆ రంగులదే కదండీ, నెమలిలాగా," అన్నారు నాన్న.

"కాదు. గది ఆడది. జోడు కోసం పిలిచేది అదే. గుడ్లు పొదిగేది, పిల్లల్ని సాదేది గీ మట్టిరంగు మగపిట్ట. సూడు."

అంతలో ఎక్కడో గద్ద అరిచింది. మట్టిరంగు పిట్ట రెక్కలు దించింది. గడ్డిలోంచి బొటనవేలంత పిల్లలు పరుగున వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ రెక్కల కింద దూరాయి.

"నాన్నా, అది నాన్నే!" అని గట్టిగా అరిచేశాను. తాతయ్య నా నోరు మూశారు. నాన్న మాత్రం నవ్వు ఆపుకోలేక బురదలో కూలబడ్డారు. అంత మనసారా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత ఊరి నుంచి మావయ్య వచ్చి అలవాటుగా "ఖాళీయేనా?" అన్నాడు. నాన్న తమ్ముడికి అన్నం కలుపుతూనే, "ఖాళీ ఎక్కడిది? ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను," అన్నారు.

తాతయ్య ఆ రోజు పిట్టను చూపించడానికే పిలిచారో, నాన్నను నవ్వించడానికే పిలిచారో నాకిప్పటికీ తెలీదు. కానీ పెళ్లిలోనో, ఆసుపత్రిలోనో పసిబిడ్డను ఎత్తుకున్న మగమనిషి కనిపిస్తే, బిడ్డ పాలు తాగిందా, రాత్రి నిద్రపోయిందా అని తల్లి కోసం వెతక్కుండా ఆయన్నే అడుగుతాను. ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాత ఆపకుండా చెప్పుకుపోతారు. నేను కూర్చుని వింటాను.